కోవెంట్రీ పాత ఊరిని పడగొట్టింది జర్మన్ బాంబులా, సొంత కౌన్సిలా?

గోదారిగట్టు
మాస్టర్స్‌కని ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ వచ్చి ఎనిమిది నెలలైంది. ఊరి నడిబొడ్డున ఎటు చూసినా కాంక్రీటే. ఎవర్నడిగినా 1940 నవంబరు 14 రాత్రి జర్మన్ విమానాలొచ్చాయి, పాత ఊరు పోయింది అంటారు. నిన్న బస్‌స్టాపులో ఒక ముసలాయన మాత్రం "హిట్లర్ మొదలుపెట్టాడంతే, పూర్తిచేసింది మా కౌన్సిలే" అన్నాడు, అంటే ఇక్కడి నగరపాలక సంస్థ. ఏది నిజం?

ప్లానింగ్‌పంతులు
ఆయన చెప్పిందీ సగమే. మొదలుపెట్టింది కూడా కౌన్సిలే! ఊరి నడిమి కూడలి బ్రాడ్‌గేట్‌ని ఆనుకుని బుచర్ రో అని ఇరుకు సందు ఉండేది. పై అంతస్తులు వీధిలోకి వాలిన కర్ర ఇళ్ళు, కింద కొట్లు. దాన్ని 1936లో కూల్చడం మొదలుపెట్టి ట్రినిటీ స్ట్రీట్ వేశారు. అప్పటికి యుద్ధమే రాలేదు. సైకిళ్ళు, ఆ తర్వాత కార్ల ఫ్యాక్టరీలతో ఊరు ఉబ్బిపోయింది, బండ్లకు దారి చాల్లేదు. 1938లో డొనాల్డ్ గిబ్సన్ సిటీ ఆర్కిటెక్ట్‌గా వచ్చాడు. ఊరి నడిమధ్య ఎలా ఉండాలో నమూనాలు చేసి 1940 మేలోనే ప్రదర్శన పెట్టాడు. బాంబులు పడింది ఆరు నెలల తర్వాత. ప్లాను ముందు, ఖాళీ స్థలం తర్వాత. ఇంకా ఎవరి తప్పో చెప్పాలా?

హిల్‌ఫీల్డ్స్_అక్క
చెప్పాలి పంతులుగారూ. ఆ ఒక్క రాత్రిలో 500 మందికి పైగా పోయారు, 4,000కు పైగా ఇళ్ళు నేలమట్టమయ్యాయి. కేథడ్రల్‌కి గోడలూ శిఖరమూ తప్ప ఏం మిగల్లేదు. ఆ బూడిద మీద నిలబడి పాత సందునే మళ్ళీ కట్టుకోమంటారా? కార్లు తయారుచేసే ఊరు కార్లు రాని బజారు కట్టుకుంది, అది చిన్న విషయమా! ఇద్దరు పిల్లల్ని తోపుడుబండిలో వేసుకుని ప్రిసింక్ట్ అనే ఆ బజారులో తిరిగినదాన్ని, ఆ విలువ నాకు తెలుసు.

ఇక 1958లో కట్టిన గుండ్రటి మార్కెట్. పైకప్పు మీద కార్లు, కింద చుట్లు చుట్లుగా కొట్లు. కొత్తలో కొత్తిమీర కోసం వెళ్ళి మూడుసార్లు అదే చేపల కొట్టు దగ్గర తేలాను. అక్కడ గోడ మీద పొలాలు, యంత్రాలు ఉన్న పెద్ద బొమ్మ కనిపిస్తుంది, అది జర్మనీలోని డ్రెస్డెన్ విద్యార్థులు వేసింది. 1945లో ఇటువైపు విమానాలు కాల్చేసిన డ్రెస్డెన్! ఆ గోడ ముందు నిలబడి కాంక్రీటు, కాంక్రీటు అంటే నాకు ఒళ్ళు మండుతుంది.

గోదారిగట్టు
మరి స్పాన్ స్ట్రీట్‌లో కర్ర ఇళ్ళు మిగిలాయి కదా?

ప్లానింగ్‌పంతులు
అందులో కొన్ని అక్కడివి కావు బాబూ. వేరే వీధుల్లో అడ్డొస్తున్నాయని విప్పి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. ఇళ్ళు బతికాయి, వాటి వీధులు పోయాయి. పైగా 1974కి పూర్తయిన రింగ్‌రోడ్డు ఈ స్పాన్ స్ట్రీట్‌నే రెండు ముక్కలు చేసింది. దానికి ఏ విమానం బాధ్యత?

ఉప్పురాయి
నాదొక మాట. ఫొటోలో చూసి మురిసిపోవడం వేరు, ఆ సందులో కాపురం వేరు. మా తాతగారి పెంకుటిల్లు చూసి "ఎంత బాగుందో" అనేవాళ్ళంతా సాయంత్రానికి లాడ్జికి వెళ్ళిపోయేవాళ్ళు.

హిల్‌ఫీల్డ్స్_అక్క
రింగ్‌రోడ్డు విషయంలో పంతులుగారే రైటు, ఒప్పుకుంటున్నా. కానీ ఇప్పుడు బుల్ యార్డ్, సిటీ ఆర్కేడ్ అనే కొట్ల వరసల్ని కూల్చే వంతు వచ్చింది. యుద్ధం తర్వాత కట్టినవి పాతబడ్డాయట, ఫ్లాట్లు కావాలట. 1936లో బుచర్ రో గురించీ ఇలాగే అని ఉంటారు. అప్పటిదానికి ఏడ్చే మీరు దీనికెందుకు ఏడవరు?

ప్లానింగ్‌పంతులు
అన్నీ ఒకటి కాదమ్మా. మార్కెట్‌ని రక్షిత కట్టడంగా ప్రకటించారు, నాకూ సంతోషమే. సిటీ ఆర్కేడ్ కోసం మాత్రం నాకు కన్నీళ్ళు రావు. గిబ్సన్‌కి ఒక్కదానికి దండం పెడతాను. ప్రిసింక్ట్‌లో నిలబడి బ్రాడ్‌గేట్ వైపు చూడండి, ఆ పాత కేథడ్రల్ సెయింట్ మైకేల్స్ శిఖరం ఎదురుగా నిలబడుతుంది. అది కనబడేలాగే ఆ బజారు గీశాడు.

గోదారిగట్టు
ఇప్పుడే వెళ్ళి చూశా. నిజమే, ఎదురుగా ఉంది. తిరిగొస్తూ ట్రినిటీ స్ట్రీట్‌లో బస్సు కోసం నిలబడ్డా. బుచర్ రో ఎటువైపు ఉండేది పంతులుగారూ?

ప్లానింగ్‌పంతులు
దాదాపు మీ కాళ్ళ కిందే.