అప్‌డేట్: నాన్నగారి దగ్గు సిరప్ గురించి అడిగాను కదా

బీపీ మాత్రలు వాడే నాన్నగారికి జలుబు మాత్రతో పాటు కాంబినేషన్ దగ్గు సిరప్ కూడా ఇవ్వొచ్చా అని అడిగాను. చాలామంది ముందు లేబుల్ చూడమన్నారు, థ్యాంక్స్ అండి. సీసా, మాత్రల అట్ట రెండూ పట్టుకెళ్లి అమలాపురంలో డాక్టరు గారికి చూపించాం.

రెండింటిలోనూ క్లోర్‌ఫెనిరమైన్ (తుమ్ములు, ముక్కు కారడం తగ్గించేది), ఫినైలెఫ్రిన్ (ముక్కు దిబ్బడ తగ్గించేది) ఉన్నాయి. కలిపి వేస్తే డోసు మీద డోసే. క్లోర్‌ఫెనిరమైన్ మత్తు తెస్తుంది, ప్రోస్టేట్ పెరిగిన పెద్దవాళ్లకి మూత్రం ఆగిపోయే ఇబ్బందీ ఉంది. ఫినైలెఫ్రిన్ బీపీ పెంచుతుంది. పైగా సిరప్‌లో దగ్గును అణిచే డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉంది. నాన్నగారిదేమో తెమడ పడే దగ్గు. "అది బయటికి రావాలండీ, ఆపేస్తే ఎలా?" అన్నారు డాక్టరు గారు. సిరప్, జలుబు మాత్ర రెండూ మాన్పించి, కఫాన్ని పలచన చేసే అంబ్రాక్సాల్ ఒక్కటే రాశారు. ఇప్పుడు రాత్రిళ్లు నిద్ర పడుతోంది, పొద్దున్నే కొబ్బరితోట దాకా నడిచొస్తున్నారు.

అమ్మ వంటింటి చెంచాతో పోసేది. ఆ చెంచాడు మందు కొలత మూతలో వంపితే 5 మి.లీ. గీత దాటిపోయింది! ఇక మూతతోనే.

చెల్లెలి పాపకి మూడేళ్లు. ఆ పాత సీసా తనకి అసలు వద్దు. క్లోర్‌ఫెనిరమైన్, ఫినైలెఫ్రిన్ కలిసిన మందు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడకూడదని లేబుల్ మీద వేయాలని కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది.

నాన్నగారికి దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్షకి రమ్మన్నారు డాక్టరు గారు.