బీటిల్స్‌ను తిట్టినవారు, మెచ్చినవారు: మన ఇళ్లలో వారి పాట ఎవరైనా విన్నారా?

గోదారిగట్టు:
1968లో నాకు తొమ్మిదేళ్లు. నాన్నగారికి రిషికేశ్ ఐడీపీఎల్‌లో, సోవియట్ సాయంతో కట్టిన యాంటీబయాటిక్స్ కర్మాగారంలో ఉద్యోగం. కాలనీలో తెలుగు కుటుంబాలు నాలుగైదు ఉండేవి. పక్క వరుసలో రష్యన్ నిపుణులు. ఆ ఫిబ్రవరిలో గంగకు అవతలి ఒడ్డున ఉన్న ధ్యానం నేర్పే మహేశ్ యోగి ఆశ్రమానికి ఇంగ్లండ్ పాటగాళ్ల బృందం బీటిల్స్, నలుగురూ, వచ్చారు. మా ఇంట్లో యుద్ధం మొదలైంది.

నాన్న పొంగిపోయారు. "మనల్ని ఏలిన దేశం వాళ్లు మన సాధువు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు" అని వచ్చినవారికల్లా చెప్పేవారు. అమ్మకు ఒళ్లు మంట. "తల దువ్వుకోవడం రానివాళ్లకు ధ్యానం వస్తుందా? గంజాయి కోసం వచ్చి ఉంటారు." వేసవిలో బదరీ వెళ్లాలని ముందుగానే వచ్చి కూర్చున్న నానమ్మది మూడో పక్షం. "గంగ ఒడ్డుకు వచ్చినవాణ్ణి ఊరు, పేరు అడగకూడదు" అనేది. ఇద్దరూ ఆవిడ మీద విరుచుకుపడేవారు.

విచిత్రమేమిటంటే ముగ్గురిలో ఎవరూ వారి పాట ఒక్కటి కూడా వినలేదు. రేడియోలో ఇంగ్లీషు పాట వస్తే నాన్నే మీట తిప్పేసేవారు! నేనూ ఆ నలుగురినీ చూడలేదు. ఇవతలి ఒడ్డు నుంచి విలేకరుల కార్లు లేపిన దుమ్ము మాత్రం చూశాను. వినని పాట మీద అంత కోపమూ, అంత గర్వమూ ఎందుకు? మీ ఇళ్లలోనూ ఇంతేనా?

తంబుర:
అమ్మగారి పక్షాన ఒక మాట. కొన్నింటికి వినడంతో పని లేదండీ. మా నాన్నగారు తెనాలిలో వీణ చెప్పేవారు. ఆ నలుగురిలో ఒకడైన జార్జ్ హారిసన్ 1965లో ఒక పాటలో సితార్ వాయించాడు. గురువు దగ్గర కూర్చున్నది మాత్రం ఆ తర్వాత. తాళి కట్టాక పిల్ల పేరు అడిగినట్టు! ఆ వేడిలో ఒక కుర్రవాడు మా ఇంటికి వచ్చి "నెల రోజుల్లో సితార్ వస్తుందా మాస్టారూ?" అని అడిగాడు. సరళీ వరుసలకే ఏడాది పట్టించే మనిషి మా నాన్న. మంచినీళ్లిచ్చి పంపేశారు. ఆ రాత్రి అన్నం తినలేదు. సితార్ విద్వాంసుడు రవిశంకర్ అంతటివారే, కచేరీలో మత్తులో తూగే శ్రోతలను చూసి నొచ్చుకున్నారు. మరి ఊళ్లో వీణ మాస్టారికి కోపం రాకూడదా?

లెక్కలమాస్టారు:
తంబుర గారూ, తాళి ముందు కట్టిన మాట నిజమే, కాపురం కూడా చేశాడు కదా! 1966లో బొంబాయి వచ్చి, అక్కడి నుంచి శ్రీనగర్ వెళ్లి రవిశంకర్ దగ్గర వారాల తరబడి నేర్చుకున్నాడు. 1971 ఆగస్టు 1న న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం కచేరీ పెట్టించి, మొదటి భాగం రవిశంకర్, సరోద్ విద్వాంసుడు అలీ అక్బర్ ఖాన్, తబలా విద్వాంసుడు అల్లా రఖాలకు ఇచ్చాడు. వాళ్లు శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతికే ఇంత సంతోషిస్తే వాద్యం ఇంకా నచ్చుతుందని రవిశంకర్ చమత్కరించారు. దీన్ని మీరు అవమానం అంటారా? నేను మొదటి అడుగు అంటాను.

ఇక రిషికేశ్ లెక్క. రింగో పది రోజులకే వెళ్లిపోయాడు, తిండి పడలేదు. మెకార్ట్‌నీ మార్చి చివర్లో వెళ్లాడు. లెనన్, హారిసన్ ఏప్రిల్ 12 దాకా ఉన్నారు. "బీటిల్స్" అని నలుగురినీ ఒకే గాటన కట్టి పొగిడినా, తిట్టినా తప్పే.

తంబుర:
హారిసన్ మంచివాడు కాదని నేను ఎక్కడన్నాను? అతను మంచివాడైతే మా నాన్న కోపం తప్పు అయిపోతుందా అని అడుగుతున్నాను.

మిషన్‌బడి:
గుంటూరు. హాస్టల్. తాము క్రీస్తు కంటే ఎక్కువ పేరున్నవాళ్లమని లెనన్ అన్న మాట మీద 1966లో అమెరికాలో రికార్డులు తగలబెట్టారు. ఆ వేడి మా వార్డెన్ గారికి ఏడాది ఆలస్యంగా చేరింది. కలకత్తా నుంచి కొత్తగా వస్తున్న కుర్రకారు పత్రిక జూనియర్ స్టేట్స్‌మన్ లోంచి కత్తిరించిన నలుగురి బొమ్మ నా పెట్టెలో దొరికింది. బెత్తంతో నాలుగు దెబ్బలు, తలకొకటి చొప్పున.

అయితే గోదారిగట్టు గారి ప్రశ్నకు నా జవాబు ఇంకా సిగ్గుచేటు. నలుగురిలో ఎవరు గొప్ప అని హాస్టల్లో చొక్కాలు చింపుకున్న మేమూ అప్పటికి వారి పాట వినలేదు! గ్రామఫోను ఉన్నది వార్డెన్ గారి ఇంట్లోనే.

గోదారిగట్టు:
మిషన్‌బడి గారూ, నవ్వు ఆగలేదు. తంబుర గారూ, మీ నాన్నగారి కోపానికి వినే పని లేదని ఒప్పుకుంటున్నాను. ఆయన పోట్లాట పాటతో కాదు, నెల రోజుల గడువుతో.

మా అమ్మ సంగతి వేరు. పక్క వరుస రష్యన్ కుర్రవాడి ఇంట్లో మెలోడియా సంస్థ రికార్డు ఒకటి ఉండేది. అందులో ఒక నెమ్మదైన పాట. మధ్యలో పాడేవాడు పళ్ల సందుల్లోంచి గాలి బలంగా లోపలికి పీలుస్తాడు. లేబుల్ మీద "ఆంగ్ల జానపద గీతం" అని ఉందని ఆ కుర్రవాడే చదివి చెప్పాడు. నన్ను వెతుక్కుంటూ వచ్చిన అమ్మ గుమ్మంలో నిలబడి చివరిదాకా విన్నది. మళ్లీ పెట్టించుకుంది. "పాపం, ఎవరో పల్లెటూరి వాడు, ఎంత దిగులుగా పాడాడో" అన్నది. దారిలో ఆ గాలి పీల్చడం అనుకరించి నన్ను నవ్వించింది కూడా.

కాలేజీలో చేరాక స్నేహితుడి గదిలో ఆ పాట మళ్లీ విన్నాను. బీటిల్స్‌దే. 1967లో సోవియట్ సంకలనంలో దాన్ని జానపదమని అచ్చు వేశారట. సెలవులకు ఇంటికి వెళ్లి చెబితే అమ్మ పప్పు రుబ్బుతూ తల ఎత్తకుండా, "అయితే ఆ అచ్చు వేసినవాళ్లకు బుద్ధి ఉంది" అన్నది.