తెలిసిన విషయం మీద పేరా వస్తేనే తప్పు పెడుతున్నాను

చీనీతోట (అనంతపురం):
సివిల్స్ ప్రిలిమ్స్ కోసం సీశాట్ (ప్రిలిమ్స్ రెండో పేపరు) పాత ప్రశ్నపత్రాలు చేస్తున్నాను. లెక్కలతో పెద్దగా ఇబ్బంది లేదు గాని, పేరా చదివి జవాబు గుర్తించే ప్రశ్నల్లో చివరికి రెండు ఆప్షన్లు మిగులుతాయి, వాటిలో తప్పుదాన్నే ఎంచుకుంటాను. కరువు, సాగు, భూగర్భ జలాలు వంటి, ఇంట్లో రోజూ వినే విషయాల మీద వచ్చిన పేరాల్లోనే ఎక్కువ మార్కులు పోతున్నాయి. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

కేసీ కాలువ గట్టు (కర్నూలు):
నాకు జరిగింది. ఆ తెలిసి ఉండడమే దెబ్బ తీస్తోందని నా అనుమానం. ఒక చిన్న పేరా నేనే రాసి చూపిస్తాను: "అనంతపురం ప్రాంతంలో వేరుశనగను ఎక్కువగా వర్షం మీద ఆధారపడి పండిస్తారు. బోరు వసతి ఉన్న రైతుల్లో కొందరు చీనీ (బత్తాయి) తోటలు పెట్టారు." దీని నుంచి తేలేది ఏది? (అ) వేరుశనగ కంటే చీనీ లాభసాటి. (ఆ) చీనీ పెట్టిన వారిలో కొందరికైనా బోరు ఉంది. మొదటిది నిజమేనని మన ఊళ్లో చాలామంది అంటారు, కానీ పేరాలో లాభమన్న మాటే లేదు. రెండోది చప్పగా ఉంటుంది, అయినా జవాబు అదే. ఆప్షనుకు ఆధారమైన వాక్యం మీద వేలు పెట్టి చూపలేకపోతే, అది లోకంలో ఎంత నిజమైనా నేను కొట్టేస్తాను.

గండికోట దారి (కడప):
అన్నా, "పేరా నుంచి తేలేది" అన్నప్పుడు మీ వేలు పనిచేస్తుంది. "రచయిత ముందే నిజమని అనుకున్నది", అంటే అజంప్షన్ అడిగినప్పుడు మాత్రం జవాబు పేరాలో రాసి ఉండదు. "హంద్రీ-నీవా కాలువ నీళ్లతో చెరువులు నింపుతున్నారు కాబట్టి చుట్టుపక్కల బోర్లలో నీటి మట్టం పెరుగుతుంది" అన్న వాక్యాన్నే తీసుకోండి. చెరువు నీరు భూమిలోకి ఇంకుతుందన్నది ఇందులో పైకి చెప్పని మాట. దాన్ని తిరగేసి, "ఇంకదు" అనుకుంటే వాదన అక్కడే కూలిపోతుంది. "బోర్లు నిండితే రైతుల అప్పులు తీరుతాయి" అన్న ఆప్షనును తిరగేసినా వాదనకు ఏమీ కాదు కాబట్టి అది జవాబు కాదు. నేను ముందుగా ప్రశ్న ఈ రెండింటిలో ఏ రకమో చూసుకుని, ఆ తరువాతే పేరా చదువుతాను.

కేసీ కాలువ గట్టు (కర్నూలు):
ఒప్పుకుంటున్నాను, నేను రెండింటినీ కలిపేశాను. అయితే ఆప్షన్లను కూడా ముందే చదవమని కోచింగుల్లో చెబుతారే, అది నాకు కలిసిరాలేదు. పేరాలో లేని మాటలు కూడా ఉన్నట్టే కనిపించేవి.

చీనీతోట (అనంతపురం):
మరి రెండు మిగిలినప్పుడు వదిలేయడం మేలా?

గండికోట దారి (కడప):
వదలకండి. సరైన జవాబుకు 2.5 మార్కులు వస్తాయి, తప్పుకు అందులో మూడో వంతు, అంటే దాదాపు 0.83 పోతుంది. నాలుగింటిలో గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. రెండింటిని కచ్చితంగా కొట్టేసి మిగతా రెండింటిలో ఒకటి పెడితే మాత్రం ప్రశ్నకు సగటున 0.83 కలిసివస్తుంది. ఈ పేపరులో దాటవలసింది 200కు 66 మార్కులే కదా.

చీనీతోట (అనంతపురం):
నిన్న రాత్రి పాత తప్పులు పన్నెండు తీసి మళ్లీ చూశాను. ఏడింటిలో నేను పెట్టిన జవాబుకు పేరాలో వేలు పెట్టే చోటే లేదు. మూడు అజంప్షన్ ప్రశ్నలు, వాటిని తిరగేసి చూడాలన్న సంగతే నాకు తెలియదు. మిగిలిన రెండూ ఇప్పటికీ అర్థం కాలేదు, రేపు ఇక్కడ పెడతాను.