వరదలో దెబ్బతిన్న ఇళ్ల మరమ్మతుకు చర్చి బృందంతో వెళ్లడం గురించి

ప్రశ్న (అమెరికాలోని షార్లెట్ నగరం నుంచి)

అందరికీ నమస్కారం. 2024 సెప్టెంబరు చివర హెలీన్ తుపాను పశ్చిమ నార్త్ కెరొలైనాను ముంచెత్తినప్పటి నుంచి మా వీధిలోని బాప్టిస్టు చర్చివారు నెలకొకసారి ఆష్‌విల్ పక్కనున్న స్వానానోవాకు ఇళ్ల మరమ్మతుకు వెళ్లివస్తున్నారు. ఈసారి నన్నూ రమ్మని మా పక్కింటాయన పిలిచారు. అదే నెల ఒకటో తేదీన విజయవాడ సింగ్ నగర్‌లోని మా అత్తయ్యగారింట్లోకి బుడమేరు నీళ్లు వచ్చినప్పుడు ఇక్కడి నుంచి ఫోనులో ధైర్యం చెప్పడం తప్ప నేనేమీ చేయలేకపోయాను. ఆ వెలితి ఇంకా ఉంది కనుక వెళ్లాలనే అనుకుంటున్నాను. సుత్తి పట్టడం కూడా సరిగా రాని నావల్ల వారికి ఏమైనా ఉపయోగం ఉంటుందా? మేము హిందువులం, అక్కడ ప్రార్థనలు, మతబోధ ఉంటే ఎలా మసలుకోవాలి?

జవాబు 1

నేను అక్కడికి మూడుసార్లు వెళ్లాను, నాకూ వడ్రంగం రాదు. ముందుగా ఇక్కడి ఇంటికీ మన ఇంటికీ ఉన్న తేడా తెలుసుకోండి. సింగ్ నగర్‌లో ఇటుక గోడలు కనుక అగ్నిమాపక వాహనాలతో బురద కడిగించారు, గోడలు ఆరాక జనం రంగులు వేసుకున్నారు. ఇక్కడ గోడ అంటే కర్ర చట్రానికి కొట్టిన జిప్సం పలక, దాని వెనక దూదిలాంటి ఇన్సులేషన్. నీరు మోకాలి ఎత్తున నిలిచినా, వత్తి నూనెను పీల్చినట్లు ఆ పలక తేమను పైకి లాగుతుంది. అందుకే తరచు నాలుగు అడుగుల ఎత్తు వరకు కోసి పారేస్తారు. పలక వెడల్పు కూడా నాలుగు అడుగులే కనుక కొత్తది అడ్డంగా పెడితే సరిపోతుంది. కర్రలో తేమ సుమారు 15 శాతానికి దిగేవరకు మళ్లీ మూయకూడదు. తొందరపడి మూస్తే లోపల బూజు పట్టి, చేసిన పనంతా మళ్లీ విప్పవలసి వస్తుంది.

2024 నవంబరులో నా మొదటి రోజంతా ఇంటి నేలకూ మట్టికీ మధ్య ఉండే ఇరుకు ఖాళీలో పాక్కుంటూ, ఒండ్రు పట్టి బరువెక్కి వేలాడుతున్న ఇన్సులేషన్‌ను లాగి సంచుల్లో కూరడంతోనే గడిచింది; దానికి నేర్పు అక్కరలేదు, నడుము ఉంటే చాలు. ఇప్పుడు పలకలు బిగించి అతుకులకు పూత వేసే దశ నడుస్తోంది. పూత వేసేవారు వేరే ఉంటారు, అది ఎండాక గరుకు కాగితంతో నునుపుగా రుద్దే పని మీకు ఇస్తారు. మంచి మాస్కు తప్పనిసరి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే పాత రంగులో సీసం ఉండవచ్చు కాబట్టి అడగకుండా ఏదీ గీకకండి.

జవాబు 2

నేను క్రైస్తవురాలిని కనుక రెండో సందేహానికి జవాబు చెబుతాను. పొద్దున పని మొదలుపెట్టే ముందు ఒక బైబిలు వాక్యం చదివి ప్రార్థన చేస్తారు. మీరు మౌనంగా నిలబడితే ఎవరూ ఏమీ అనుకోరు. అయితే అన్ని సంస్థల పద్ధతీ ఒకటి కాదు. సమారిటన్స్ పర్స్ అనే క్రైస్తవ సహాయ సంస్థనే తీసుకోండి: దాని ప్రధాన కార్యాలయం తుపాను తాకిన బూన్ పట్టణంలోనే ఉంది. పని ముగిశాక బృందమంతా సంతకం చేసిన బైబిలును ఇంటివారికి ఇవ్వడం వారి ఆనవాయితీ, సువార్త తమ సేవలో భాగమని వారే బాహాటంగా చెబుతారు. అది మీకు ఇబ్బందిగా ఉంటే ముందే బృంద నాయకుడితో అనండి. 1950లో కాన్సస్‌లోని హెస్టన్‌లో మొదలైన మెనోనైట్ల (ఒక క్రైస్తవ శాఖవారు) విపత్తు సేవా సంస్థ, టీవీ కెమెరాలు వెళ్లిపోయిన చాలాకాలం తర్వాత కూడా ఇళ్లు కడుతూ ఉంటుంది; నాకు ఆ తీరే ఎక్కువ నచ్చుతుంది. మన దివిసీమలోనూ 1977 ఉప్పెన తరువాత రామకృష్ణ మిషన్‌వారూ, క్రైస్తవ సంస్థలవారూ ఇళ్లు కట్టించారు కదండీ.

జవాబు 3

పై ఇద్దరూ డబ్బు సంగతి ఎత్తలేదు. ఆ కొండ ప్రాంతంలో చాలా ఇళ్లకు వరద బీమా లేదు. ఆ విపత్తుకు ఫెమా (అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సహాయ సంస్థ) ఇచ్చే గృహ సాయం గరిష్ఠంగా 42,500 డాలర్లు, అందరికీ అంత మొత్తమూ రాదు. కూలి లేకుండా పని జరిగితేనే వచ్చిన సొమ్ము కలపకూ పలకలకూ సరిపోతుంది. మీరు రుద్దే గోడ విలువ అక్కడుంది. హాజరు పట్టీలో గంటలు తప్పక రాయండి, ఎందుకంటే కొన్ని రకాల స్వచ్ఛంద సేవను స్థానిక ప్రభుత్వాలు విపత్తు ఖర్చులో తాము భరించాల్సిన వాటా కింద ఫెమాకు చూపించుకోవచ్చు. ఇంకొక మాట: ఒక్క రోజుకు ఇరవై మంది వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లడం కంటే, ఇద్దరు నాలుగు రోజులుండటమే ఆ ఇంటికి మేలు. పగిలిన గోడల మధ్య నిలబడ్డ మనుషులను ఫొటో తీయకండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. నాలుగు రోజులు సెలవు పెట్టాను. ఈ శనివారం తమ గ్యారేజీలో ఒక పాత పలక మీద పూత నేర్పిస్తానని పక్కింటాయన అన్నారు. ఒకటి అడగడం మరిచాను: మేము శాకాహారులం, భోజనం డబ్బా పట్టుకెళ్లాలా?

జవాబు 1

పట్టుకెళ్లండి, కాస్త ఎక్కువే పట్టుకెళ్లండి. నేను నాలుగు రోజులకని తీసుకెళ్లిన పులిహోరను మా బృందం మొదటి మధ్యాహ్నానికే ఖాళీ చేసింది.