బరువు తగ్గే ఆపరేషన్‌కు ముందు నిద్రలో మాస్క్ ఎందుకు?

ప్రశ్న, మిర్యాలగూడ నుంచి:
మా ఆయనకు 43 ఏళ్లు, 118 కిలోలు, బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు లెక్క) 42. రైస్ మిల్లుల నుంచి హైదరాబాద్‌కు బియ్యం లారీ నడుపుతారు. గురక పెడుతూ పెడుతూ ఒక్కసారిగా ఊపిరి ఆగిపోతుంది. నేను భుజం కుదిపేదాకా గుండె నా చేతుల్లో ఉండదు. పోయిన నెల మాడుగులపల్లి టోల్‌గేట్ లైన్‌లో స్టీరింగ్ మీదే నిద్రపోయారు, క్లీనర్ తట్టి లేపాడు. స్లీప్ టెస్టులో గంటకు 52 సార్లు ఊపిరి ఆగడమో తగ్గడమో జరుగుతోందని వచ్చింది, స్లీప్ ఆప్నియా అన్నారు. బరువు తగ్గడానికి చేసే పొట్ట ఆపరేషన్‌కు ముందు కొన్ని వారాలు సీపాప్ మిషన్ (నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్క్‌తో గాలి పంపేది) వాడమన్నారు డాక్టర్. "బరువు తగ్గితే గురక అదే పోతుంది, మిషన్‌కు డబ్బులెందుకు" అంటున్నారు ఈయన. ఏం చెప్పాలి?

జవాబు, మహబూబ్‌నగర్ నుంచి:
చెల్లే, ముందు ఆయన్ను లారీ దింపు. మిగతావన్నీ తర్వాత.

గంటకు 30 దాటితేనే తీవ్రం అంటారు, ఆయనది 52. మత్తుమందు, తర్వాత ఇచ్చే కొన్ని నొప్పి మందులు గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తాయి. అందుకే ఆపరేషన్ అయిన రాత్రులే భయం. 2021లో నాకు స్లీవ్ (పొట్టను చిన్నది చేసే ఆపరేషన్) చేసినప్పుడు నా మిషన్‌నే ఆస్పత్రికి తెచ్చుకోమన్నారు. మొదట్లో నాలుగు రాత్రులు నిద్రలోనే మాస్క్ పీకేశాను. చిన్న సైజు మార్పించాక అయిదో రోజు తలనొప్పి లేకుండా లేచాను. అలా లేచి ఎన్నేళ్లయిందో!

తప్పు తర్వాత చేశాను. 34 కిలోలు తగ్గాను, గురక లేదు, ఇంకెందుకని మిషన్‌ను అటక ఎక్కించాను. డాక్టర్‌ను అడగలేదు. ఆరు నెలలకు జడ్చర్ల బస్సులో కూర్చోగానే మళ్లీ కునుకు. టెస్ట్ చేస్తే గంటకు 19. గురక తగ్గినా జబ్బు పూర్తిగా పోలేదన్నమాట. ఇప్పుడు మిషన్ గాలి ప్రెషర్ తగ్గించి రోజూ పెట్టుకుంటున్నా.

జవాబు, నల్గొండ నుంచి:
నేను స్టాఫ్ నర్సును. మిషన్ కొనక్కర్లేదు, నెలకు అద్దెకు దొరుకుతుంది, అడగండి. అది వచ్చేదాకా వెల్లకిలా కాకుండా పక్కకు పడుకోబెట్టండి. రాత్రి మద్యం తాగనివ్వకండి, నిద్రమాత్రలు వద్దు. మత్తు డాక్టర్‌కు స్లీప్ రిపోర్టు తప్పకుండా చూపించండి.

మిర్యాలగూడ నుంచి:
అన్నా, నువ్వు రాసింది ఆయనకు చదివి వినిపించాను. రాత్రి ఊపిరి ఆగినప్పుడు తీసిన వీడియో కూడా చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. లారీ ఓనరుకు ఆయనే ఫోన్ చేశారు. రేపు అద్దె మిషన్ కోసం నల్గొండ పోతున్నాం.