సమస్య: "రాతిగోడ బిడ్డ రాణి యయ్యె"

నిర్వాహకుడు: ఆటవెలది, ఆఖరి పాదం ఇది. రాతిగోడకి బిడ్డేంటి అనకండి. బైజాంటైన్ చక్రవర్తుల రాజధాని కాన్‌స్టాంటినోపుల్ ప్యాలెస్‌లో పోర్ఫిరా అని ఒక గది, అంతా ఊదా రాయి, మీద ఇసక చల్లినట్టు తెల్ల చుక్కలు, తండ్రి గద్దె మీదుండగా అందులో పుట్టిన పిల్లకే పోర్ఫిరోజెనిటా (ఊదా గదిలో పుట్టింది) అన్న బిరుదు, ముందు పుట్టిన అక్కకి రాదు. కానివ్వండి.

గోదారోడు:
ఎర్రరాతి గదిని యేలిక యింటిలో
పుట్టెనంట జోయి పుణ్యవతియె
అర్ధశతము నిండి యాపైన గద్దెక్కి
రాతిగోడ బిడ్డ రాణి యయ్యె

నిర్వాహకుడు: నడక బావుంది, చక్రవర్తి కూతురు జోయి యాభై ఏళ్లకి గద్దెక్కిన 1028 లెక్కా సరిపోయింది. కానీ "పుణ్యవతి" యతి కోసం లాక్కొచ్చారు కదా సార్, 1034లో మొగుడు రోమనోస్ స్నానం చేస్తూ పోయిన రోజే మైఖేల్‌ని పెళ్లాడింది ఆ మహాతల్లి.

గోదారోడు: దొరికిపోయా 😀 "పుట్టెనంట జోయి ముద్దుగాను" అంటా, పు కి ము తో ముకారయతి చెల్లుద్దిగా?

నిర్వాహకుడు: చెల్లుద్ది.

చిన్నక్క:
అన్న యన్న పేరె యాడపిల్లకు బెట్టి
అన్నగారె దూర మంపినారు
కీవు కేడ్చి చేరి కీడెల్ల మేలయి
రాతిగోడ బిడ్డ రాణి యయ్యె

నిర్వాహకుడు: అబ్బ, అన్నని అన్నే పంపడం! ఈ అన్న 963లో తండ్రి పోడానికి సరిగ్గా రెండ్రోజుల ముందు పుట్టింది, బిరుదు అలా దక్కింది. 968లో పడమటి చక్రవర్తి ఒట్టో కొడుక్కి పిల్లనడగడానికి ఆయన దూత లియుట్‌ప్రాండ్ వస్తే పోర్ఫిరోజెనిటాని పరాయోళ్లకి ఇస్తామా అని గయ్యిమన్నారు, తీరా ఇరవయ్యేళ్లకి తిరుగుబాటు నెత్తిమీదకొచ్చేసరికి అన్నగారు బాసిల్ చక్రవర్తికి కీవు రాజు వ్లాదిమిర్ సైన్యం కావాల్సొచ్చి చెల్లెల్ని ఇచ్చేశాడు. ఒక్కటే, "ఏడ్చి చేరి" అంటే ఏడుపు అయిపోయాక చేరినట్టుంది.

చిన్నక్క: ఓడెక్కేటప్పుడే ఏడ్చిందండీ, తర్వాతే చేరింది. మార్చను.

పద్యప్పిచ్చి:
తండ్రి కథను రాసె కలముతో కోమ్నేన
దివ్వె చెంత రాత్రి తెల్లవార్చి
తమ్ముడోడిపోగ తాను పీఠమ్మెక్కి
రాతిగోడ బిడ్డ రాణి యయ్యె

నిర్వాహకుడు: మొదటి పాదంలో యతి పోయింది, త కి క ఎక్కడ కుదురుద్ది. అంతకన్నా ఘోరం మూడోది, 1118లో గద్దె తమ్ముడు జాన్‌దే, ఈ అన్నా కోమ్నేన ఓడిపోయి మఠంలో కూర్చుని తండ్రి అలెక్సియోస్ చక్రవర్తి చరిత్ర అలెక్సియాడ్ రాసింది. దీపాలు పెట్టే వేళైంది, నిద్రొస్తోంది అని తనే రాసుకుంది కాబట్టి రెండో పాదం మాత్రం ముట్టుకోవద్దు.

పద్యప్పిచ్చి: ఇప్పుడు చూడండి:
తండ్రి కథను రాసి ధన్యయై మఠములో
దివ్వె చెంత రాత్రి తెల్లవార్చి
పట్టమేది లేక పలుకుల కొలువులో
రాతిగోడ బిడ్డ రాణి యయ్యె

గోదారోడు: ఓడిపోయినావిడే గెలిచిందిగా, నా జోయి వెనక్కి తీసుకుంటున్నా.