బేస్ గిటార్ వార్మప్‌కి సరళీ స్వరాలు పనికొస్తాయా?

నాలుగుతీగలు (కూకట్‌పల్లి):

అందరికీ నమస్తే. బేస్ వాయించడం మొదలెట్టి కొంతకాలం అయింది, ఫ్రెండ్స్‌తో కలిసి జామ్ చేసేటప్పుడు రూట్ నోట్స్‌తో (ఒక్కో కార్డ్‌కి మూలస్వరం) ఎలాగో నెట్టుకొచ్చేస్తున్నా కానీ కాస్త స్పీడ్ లైన్ వస్తే ఎడమ చెయ్యి బిగుసుకుపోతోంది, కుడి చేతిలో చూపుడు వేలు మధ్య వేలు ఒకదాని మీద ఒకటి పడిపోతున్నాయి. యూట్యూబ్‌లో ఎవర్ని చూసినా 1-2-3-4 అని ఒక్కో ఫ్రెట్‌కి (మెడ మీద అడ్డంగా ఉండే ఇనప కమ్మీ) ఒక్కో వేలు పెట్టి నాలుగు స్ట్రింగ్స్ మీద పైకీ కిందకీ వెళ్ళమంటున్నారు, అది చేస్తుంటే రెండు నిమిషాలకే నిద్రొస్తోంది, పైగా అందులో సంగీతం అనేదే లేదు.

చిన్నప్పుడు మా అమ్మ పోరు పడలేక కర్ణాటక సంగీతం క్లాసుకి వెళ్ళాను, సరళీ స్వరాలు జంట స్వరాలు ఇంకా నోటికి వచ్చు. వాటినే బేస్ మీద వార్మప్‌గా వాడొచ్చా? ఇంకొకాయన పియానో వాళ్ళ హానన్ ఎక్సర్‌సైజులు చెయ్యమన్నాడు, ఇంకొకరు బాఖ్ అన్నారు. ఏది పట్టుకోవాలో తెలీక అడుగుతున్నా. రోజుకి అరగంట కంటే ఎక్కువ కుదరదు, ఉండేది పీజీలో.

సైనిక్‌పురి_మంద్రం:

నేను డబుల్ బేస్ వైపు నుంచి వచ్చినవాణ్ణి కాబట్టి ఆ కోణంలో చెప్తా. ముందు ఆ 1-2-3-4 సంగతి. మామూలు బేస్ స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 34 అంగుళాలు, 1951లో ఫెండర్ ప్రెసిషన్ బేస్ వచ్చినప్పటి నుంచి ఎక్కువమంది అదే కొలత వాడుతున్నారు. దాని మీద మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి దూరం అయిదు అంగుళాల పైనే ఉంటుంది, అదే అయిదు నుంచి ఎనిమిదికి అయితే నాలుగు అంగుళాలే. యూట్యూబ్‌లో చూసి నువ్వు మొదటి ఫ్రెట్ దగ్గరే మొదలెడుతున్నావనుకుంటా, చల్లటి చేతిని ఉన్నపళంగా అంత వెడల్పుకి సాగదీస్తే బిగుసుకోక ఏం చేస్తుంది. వార్మప్ ఎప్పుడూ మెడ మధ్యలో మొదలెట్టి మెల్లగా నట్ (మెడ చివర తీగలు ఆనే పట్టీ) వైపు దిగు.

రెండోది, డబుల్ బేస్ వాళ్ళ దగ్గర నుంచి అరువు తెచ్చుకోవాల్సిన మొదటి వస్తువు సిమాండల్ ఫింగరింగ్. ఫ్రాంజ్ సిమాండల్ అని 19వ శతాబ్దపు చెక్ బేసిస్టు, ఆయన పద్ధతి పుస్తకంతోనే ఇప్పటికీ డబుల్ బేస్ నేర్పుతారు. డబుల్ బేస్ స్కేల్ 41, 42 అంగుళాలు ఉంటుంది, ఆ దూరాలకి నాలుగు వేళ్ళు నాలుగు స్వరాలకి అందవు, అందుకని కింది పొజిషన్లలో చూపుడు వేలు, మధ్య వేలు, ఆ తర్వాత ఉంగరం వేలు చిటికెన వేలు రెండూ కలిపి ఒకటిగా, అంటే 1-2-4 అన్నమాట, మూడు స్వరస్థానాలే పట్టుకుని మిగతాదానికి చెయ్యి మొత్తం జరుపుతారు. ఎలక్ట్రిక్ బేస్ మీద అయిదో ఫ్రెట్ లోపల ఇది హాయిగా ఉంటుంది. చిటికెన వేలికి ఉంగరం వేలు తోడుంటుంది కాబట్టి నొక్కడానికి పెద్ద బలం అక్కర్లేదు. పైకి వెళ్ళాక వేలికో ఫ్రెట్ పద్ధతికి మారిపో.

హానన్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. 1873లో వచ్చిన పుస్తకం, మొదటి పాఠం మన భాషలో స గ మ ప ద ప మ గ, తర్వాత రి మ ప ద ని ద ప మ, అలా మెట్టు మెట్టుకీ ఎక్కుతుంది. పియానో మీద అయిదు వేళ్ళూ సమానంగా పలకాలని రాసింది అది. మనకి నొక్కే చెయ్యి వేరు, మీటే చెయ్యి వేరు, కాబట్టి ఆ లాభం సగం కూడా రాదు. ప్యాట్రన్‌గా బావుంటుంది, అంతవరకే. బాఖ్ చెలోకి (పెద్ద వయొలిన్ లాంటి వాద్యం) రాసిన సూట్లు మాత్రం బంగారం, బేస్ క్లెఫ్‌లోనే (మంద్ర స్వరాలు రాసే గుర్తు) ఉంటాయి కాబట్టి చదవడం కూడా వస్తుంది, కానీ చెలో తీగలు అయిదో స్వరానికి ఒకటి చొప్పున శ్రుతి చేసి ఉంటాయి, మనవి నాలుగో స్వరానికి, అందుకే అక్కడ చేతికి తేలిగ్గా పడేది ఇక్కడ మెలికలు తిరుగుతుంది. మొదటి సూట్ ప్రెల్యూడ్‌లో మొదటి నాలుగు బార్లు ఎట్యూడ్‌లా, అంటే సాధన పాఠంలా, వాయించుకో. వార్మప్ అయ్యాక, వార్మప్ బదులు కాదు.

వీణక్క:

సరళీ స్వరాలు పనికొస్తాయా అని అడిగితే నేను ఆగలేను బాబూ. రాంకోఠి త్యాగరాజ కాలేజీలో వీణ నేర్చుకున్నాను, ఇప్పుడు మా అబ్బాయి బేస్ ఇంట్లో ఖాళీగా ఉంటే నేనే వాయిస్తున్నాను, వాడు కాలేజీ నుంచి వచ్చేలోపు.

సరళీ స్వరాలు నేర్పే రాగం మాయామాళవగౌళ బేస్ మీద ఎంత అందంగా కూర్చుంటుందో చూడు. తీగలు లావు నుంచి సన్నానికి ఇ, ఏ, డి, జి కదా, అందులో ఏ (A) స్ట్రింగ్ మూడో ఫ్రెట్ ఆధార షడ్జం అనుకో. స మూడు, రి నాలుగు, ఆ తర్వాత డి స్ట్రింగ్ మీద గ రెండు, మ మూడు. వేళ్ళు మధ్య, ఉంగరం, చూపుడు, మధ్య. ఇప్పుడు చెయ్యి మొత్తం రెండు ఫ్రెట్లు ముందుకి, ఒక స్ట్రింగ్ కిందకి జరుపు. ప డి స్ట్రింగ్ అయిదు, ద ఆరు, ని జి స్ట్రింగ్ నాలుగు, పై స అయిదు. వేళ్ళు మళ్ళీ అవే, మధ్య, ఉంగరం, చూపుడు, మధ్య! రాగంలో పూర్వాంగం (స రి గ మ) ఉత్తరాంగం (ప ద ని స) రెండూ ఒకే కొలతలో ఉండడం వల్ల వచ్చిన సుఖం ఇది. పురందరదాసు పిల్లలకి ఈ రాగంతో మొదలెట్టించారని అంటారు, ఆయన బేస్ గిటార్ చూళ్ళేదు కానీ మనకోసమే పెట్టినట్టుంది. ఓపెన్ స్ట్రింగ్ ఎక్కడా లేదు కాబట్టి మొత్తం అచ్చుని ఎక్కడికైనా జరుపుకోవచ్చు. పైన సైనిక్‌పురి ఆయన చెప్పినట్టు ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స పెట్టి మొదలెట్టు, ఒకసారి అయ్యాక ఏడుకి, తర్వాత ఆరుకి, అలా దిగుతూ రా.

మ నుంచి ప కి వెళ్ళే ఆ జరుగుడు దగ్గరే అసలు సాధన ఉంది. బొటనవేలు మెడ వెనక అతుక్కుపోతే చెయ్యి రాదు, వేళ్ళు మాత్రం సాగుతాయి, స్వరం ముక్కలవుతుంది. మ చివరిదాకా మోగాలి, ప టైముకి పడాలి, మధ్యలో తీగ మీద బరబరా గీత వినపడకూడదు.

ఇక కాలాలు. మీవాళ్ళంతా మెట్రోనోమ్‌ని 60 నుంచి 65కి, 65 నుంచి 70కి పెంచుకుంటూ పోతారు కదా, మా దగ్గర తాళం కదలదు. నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి మొదటి కాలం దెబ్బకి ఒక స్వరం, రెండో కాలం రెండు, మూడో కాలం నాలుగు, మళ్ళీ వెనక్కి రెండు, ఒకటి. ఎక్కడా ఆపకుండా. మూడో కాలం వాయించి వెంటనే మొదటి కాలంలోకి వస్తే కానీ తెలీదు ఎంతమందికి నిలబడడం రాదో. మొదటి కాలంలో స్వరం ఒక సెకను పూర్తిగా పలకాలి, ఎక్కడ వేలు ముందే లేచిపోయిందో, ఏ పక్క తీగ మోగుతోందో అంతా బయటపడిపోతుంది. నోటితో స్వరం పాడుతూ వాయించు, పీజీలో సిగ్గయితే పెదాలు కదుపు.

కోఠి_లో_ఎండ్:

అన్నా, అక్క చెప్పింది మస్తుంది గానీ కుడి చెయ్యి గురించి ఎవ్వరూ చెప్తలేరు. బేస్‌ల సగం టోన్ ఆ చేతిలనే ఉంటది. నేను గచ్చిబౌలి దిక్కు పబ్బులల్ల గిగ్స్ కొడ్త, సౌండ్‌చెక్ కంటే ముందు ఆంప్ లేకుండానే ఒక మూల కూసొని పది నిమిషాలు వాయించుకుంట, అప్పుడు ఎడమ చెయ్యి కంటే ముందు కుడి చేతినే చూస్కుంట.

సరళీ ఎక్కేటప్పుడు చూపుడు మధ్య చూపుడు మధ్య అని కరెక్టుగానే పోతది. దిగేటప్పుడు సూడు, జి స్ట్రింగ్ కొట్టిన వేలు డి మీదకొచ్చి ఆగుతది కదా, అదే వేలుతోని డి కూడా కొట్టేస్తం, మనకు తెల్వకుండనే. దాన్ని రేక్ అంటరు, తప్పేం కాదు, మస్తుమంది పెద్ద బేసిస్టులు కావాలనే చేస్తరు, కానీ కావాలని చెయ్యుడు వేరు, అయిపోవుడు వేరు. అందుకే అవరోహణ ఒకసారి ఖచ్చితంగ మార్చి మార్చి వాయించు, ఒకసారి రేక్‌తోని వాయించు, రెండూ ఒక్క తీరుగ వినపడాలె. ఫోన్‌ల రికార్డ్ చేసుకొని కండ్లు మూసుకొని విను.

జంట స్వరాలు అయితే కుడి చేతికే పుట్టినయి. సస రిరి గగ మమ, రెండో దాని మీద నొక్కు రావాలె అని నేర్పుతరు కదా, చూపుడుతోని మొదలువెడ్తే నొక్కు ఎప్పుడూ మధ్య వేలు మీదనే పడ్తది. మధ్య వేలుతోని మొదలువెట్టు, ఇప్పుడు చూపుడు వేలు గట్టిగ కొట్టాలె. రెండు దిక్కులా సౌండ్ ఒక్కటే రావాలంటే కొన్ని వారాలు పడ్తది, లైట్ తీస్కోకు.

హానన్ బాఖ్ అన్నీ మంచిగనే ఉంటయి గానీ అరగంటల అరగంట వార్మప్ చేస్తే పాట ఎప్పుడు వాయిస్తవ్ బై. పది నిమిషాలు స్వరాలు, మిగతా ఇరవై పాటల మీద పెట్టు. వార్మప్ మంచిగ చేసుడే గొప్ప అనుకునేటోళ్ళు చాలమంది ఉన్నరు, డ్రమ్మర్ వచ్చి కూసుంటే ఆగమైతరు.

సైనిక్‌పురి_మంద్రం:

కోఠి తమ్ముడి లెక్కతో ఒప్పుకుంటాను కానీ మొదటి రెండు మూడు నెలలు మాత్రం సగం సగం ఉండనివ్వు. ఇప్పుడు అతనికి బిగుసుకునే అలవాటు పడింది, పాట వాయించేటప్పుడు ఆ అలవాటు పోదు, అప్పుడు బుర్ర పాట మీద ఉంటుంది.

ఇంకోటి, ఎంత గట్టిగా నొక్కుతున్నావో ఒకసారి పరీక్ష పెట్టుకో. ఒక స్వరం పట్టుకుని కుడి చేత్తో వాయిస్తూనే ఎడమ వేలిని మెల్లగా వదులుతూ పో, ఎక్కడో ఒక చోట బర్రుమంటుంది, దానికి కొంచెం పైన ఆగితే చాలు. వేలు ఫ్రెట్ మధ్యలో కాకుండా ఫ్రెట్ ఇనుముకి ఆనుకుని వెనకే ఉండాలి, అప్పుడు ఇంకా తక్కువ బలం చాలు. అంత చేసినా కష్టంగా ఉంటే చేతి తప్పు కాదు, తీగలు ఫ్రెట్ల నుంచి మరీ ఎత్తులో ఉన్నాయేమో సెటప్ చేయించు. నొప్పి వేరు, అలసట వేరు. మణికట్టు దగ్గర పొడిచినట్టున్నా, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నా ఆ రోజుకి ఆపేసి, తగ్గకపోతే డాక్టర్‌కి చూపించుకో, ఫోరంలో అడగొద్దు.

నాలుగుతీగలు:

అందరికీ థాంక్స్, ఇంత వస్తుందనుకోలేదు. వీణక్కా, మీరు చెప్పిన షేప్ పట్టుకున్నా, నిజంగానే రెండు సగాలూ ఒకటే, చిన్నప్పుడు పాడినప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. రెండు డౌట్లు. మేం వాయించే పాటల్లో మాయామాళవగౌళ ఎక్కడా రాదు కదా, మరి చేతికి ఆ షేపే అలవాటైపోతే ఎలా? రెండోది, మూడో కాలం 60 లో బాగానే వస్తోంది, టెంపో పెంచనా?

వీణక్క:

మొదటిదానికి, వరసలు అవే ఉంచి రాగం మార్చెయ్. శంకరాభరణం అంటే మీ మేజర్ స్కేలే, నఠభైరవి నేచురల్ మైనర్, ఖరహరప్రియ డోరియన్, హరికాంభోజి మిక్సోలిడియన్. శంకరాభరణంలో అయితే స ఏ (A) స్ట్రింగ్ మూడు మీద మధ్య వేలితో పెడితే పై స దాకా చెయ్యి కదలక్కర్లేదు, వేలికో ఫ్రెట్ పద్ధతిలో మొత్తం రెండు నుంచి అయిదో ఫ్రెట్ లోపలే దొరుకుతుంది. కాబట్టి ఒక రోజు కదిలే రాగం, ఒక రోజు కదలని రాగం.

అవి కుదిరాక దాటు స్వరాలకి రా, స మ గ మ రి గ స రి, అక్కడ తీగలు దాటడం వస్తుంది. తర్వాత అలంకారాలు, అంటే తాళాలకి కట్టిన స్వర వరసలు, అవి వదలకు. త్రిపుట తాళం ఏడు అక్షరాలు, స రి గ, స రి, గ మ. ఏడు బేసి సంఖ్య కదా, రెండు వేళ్ళు మార్చి మార్చి వాయిస్తే మొదటి ఆవర్తం (తాళం ఒక చుట్టు) చూపుడు వేలితో మొదలైతే రెండోది మధ్య వేలితో మొదలవుతుంది, కోఠి తమ్ముడు చెప్పిన సాధన దానంతటదే అయిపోతుంది. ఝంపె పది, ఏడు ఒకటి రెండుగా విరుగుతుంది. 7 లోనో 5 లోనో పాట వస్తే మీ బ్యాండ్‌లో వేళ్ళు లెక్కపెట్టుకోని మనిషివి నువ్వొక్కడివే అవుతావు.

టెంపో పెంచకు. 45కి దించు.

కోఠి_లో_ఎండ్:

45 ల మొదటి కాలం అంటే మస్తు కష్టం అన్నా, నేను చేసి సూశ్న, దెబ్బ దెబ్బకు మధ్యల చాయ్ తాగొచ్చు. క్లిక్ రాకముందే కొట్టేస్తం ఎప్పుడూ. మెట్రోనోమ్ ఆప్‌ల రెండు దెబ్బలకొకటి వినపడేటట్టు పెట్టుకో, మధ్యల దెబ్బ నువ్వే కాలుతోని వేసుకోవాలె. పీజీల ఉంటున్నవ్ కాబట్టి హెడ్‌ఫోన్ ఆంప్ ఒకటి తీస్కో, కోఠి గుజరాతీ గల్లీల తిరిగితే కేబుళ్ళు కన్వర్టర్లు సస్తాగ దొరుకుతయి, ఆంప్ మాత్రం మ్యూజిక్ షాపులనే తీస్కో, పెట్టి విని తీస్కో.

నాలుగుతీగలు:

45 పెట్టా. మ దగ్గరే దొరికిపోతున్నా, క్లిక్ కంటే ముందే జరిగిపోతోంది చెయ్యి. ఆదివారం దాకా ఇదే చేసి రికార్డింగ్ పెడతా, తిట్టండి.